అడిగితే చెబుతా: పోయిన జన్మ బాకీలు

కిందటి నెల చివర్లో ఒక్క వాక్యం రాశాను. రాజుల కాలం, ప్రేమ, మాయలు, పునర్జన్మ కలిపి కథలు రాస్తున్నవాళ్లు ఉంటే సందేహాలు పంపండి అని. ఇంతమంది ఉన్నారని నాకేం తెలుసు? పోస్టులో వచ్చినవి ఒక సంచి. ఫోనులో వచ్చినవి మా మనవరాలు ప్రింటు తీసిచ్చింది, అదో కట్ట. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని వారం రోజులుగా ఇవే చదువుతున్నాను. కాఫీ పెట్టమని మా ఆయన రెండుసార్లు అడిగి, మూడోసారి ఆయనే పెట్టుకున్నారు.

కొత్తగా చదివేవాళ్లకి ఒక మాట. నేను రచయిత్రిని కాను. ఏలూరు రోడ్డు చుట్టుపక్కల ప్రెస్సుల్లో 31 ఏళ్లు ప్రూఫులు దిద్దాను. సీసం అక్షరాల రోజుల్లో చేరి, కంప్యూటర్లు వచ్చాక బయటపడ్డాను. ఎంతమంది రాకుమార్తెలు నా ఎర్ర సిరా కిందుగా వెళ్లారో లెక్క పెట్టలేదు. కాబట్టి నేను చెప్పేవన్నీ ప్రూఫులు దిద్దే మనిషి చాదస్తాలు. నచ్చితే తీసుకోండి.

*"మా నాయిక హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. స్నేహితులతో కొండవీడు కోట చూడ్డానికి వెళ్లి స్పృహ తప్పుతుంది. కళ్లు తెరిచేసరికి 1390. తను కుమారగిరి రెడ్డి ఆస్థాన నర్తకి లకుమ. మొదటి మూడు భాగాలు పంపుతున్నాను. ఎలా ఉన్నాయి? లకుమ గురించి చరిత్రలో ఇంకా ఏముంది?"*
— పాఠకురాలు, తెనాలి

అమ్మాయ్, మూడు భాగాలూ చదివాను. నీ వాక్యం బాగుంది, పరుగెడుతుంది. అయితే మూడు భాగాల్లో నాలుగుసార్లు స్పృహ తప్పింది ఆ పిల్లకి. ముందు రక్తపరీక్ష చేయించు.

రెండో భాగంలో నగలకి పేజీన్నర ఇచ్చావు. వడ్డాణం, వంకీలు, పాపిటబిళ్ల, అన్నీ ఉన్నాయి. ఒక్క చోటైనా ఆ వడ్డాణం ఆమెకి గుచ్చుకుందా? నా పెళ్లికి మా మేనత్త వడ్డాణం అరువు తెచ్చి పెట్టారు. పీటల మీద కూర్చున్నంతసేపూ దాని కొక్కెం ఎడమ పక్కన కోసుకుపోయింది. తలంబ్రాలు ఏం గుర్తున్నాయో గానీ, ఆ కొక్కెం మాత్రం నాకు ఇప్పటికీ గుర్తే. ఒంటికి తగిలిందే గుర్తుంటుంది. ఈ జన్మలోనే అలా ఉంటే, పోయిన జన్మది ఇంకెలా గుర్తుండాలి?

ఇక చరిత్ర. కుమారగిరి రెడ్డి కొండవీటిని 1386 నుంచి 1402 వరకు ఏలాడు. ఏటా వసంతోత్సవాలు చేయించేవాడని వసంతరాజు అన్నారు. నాట్యం మీద ఆయన పేర 'వసంతరాజీయం' అనే శాస్త్రం వెలిసింది. బావ కాటయవేముడు మంత్రి, పండితుడు. కాళిదాసు మూడు నాటకాలకీ వ్యాఖ్యానం రాసి, దానికి బావమరిది పేరే పెట్టి 'కుమారగిరిరాజీయం' అన్నాడు. అందులో ఒక శ్లోకంలో లకుమాదేవి కనిపిస్తుంది. ఆ శ్లోకంలో ఆమె చేసే పనులు రెండు. రాజుగారి సభలో వేయి విధాల కొత్త అభినయం పడుతుంది. అడిగినవాళ్లకి వేలకి వేలు ఇస్తుంది. ఆపైన మనం వింటున్నదంతా కవులూ జనమూ అల్లుకున్నది. అల్లుకోవడం తప్పు కాదు. కానీ ఇప్పటికే ఇంతమంది అల్లిన జడలో నువ్వు కొత్తగా దూర్చే పువ్వేమిటి?

నీ మూడో భాగంలో ఒక దాసీ పిల్ల కర్పూరం పళ్లెం పట్టుకుని వచ్చి, పెట్టి, వెళ్లిపోతుంది. రెండు వాక్యాలు. నేను అక్కడ ఆగిపోయాను. ఆ కర్పూరం ఎక్కడిది? శ్రీనాథుడు 'హరవిలాసం' అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి ఆ కొండవీటి సుగంధ భాండాగారానికి అధ్యక్షుడు. ఓడల మీద దేశదేశాల సరుకు దించినవాడు. కర్పూరం ఒక దీవి నుంచి, కస్తూరి హిమాలయాల అవతల నుంచి, పట్టు చీనా నుంచి, గుర్రాలు పారశీక తీరంలోని హురుమంజి నుంచి. అదంతా బళ్ల మీద కొండ కిందికి వచ్చి, మనుషుల నెత్తి మీద పైకెక్కేది.

కర్పూరానికి ఒక గుణం ఉంది. మూత సరిగ్గా పెట్టకపోతే గాలిలో కలిసిపోతుంది. మా అమ్మ కర్పూరం డబ్బాలో నాలుగు మిరియాల గింజలు వేసేది, హరించిపోకుండా. ఇప్పుడు ఆ దాసీ పిల్ల సంగతి ఆలోచించు. పోయిన వసంతానికి తూచి అప్పగించిన కర్పూరం ఈ వసంతానికి మళ్లీ తూచారు. తగ్గింది. ఎవరూ దొంగిలించలేదు, అది గాలికి పోయింది. కానీ పద్దులో 'గాలి' అని రాయరు కదా. ఎవరి పేరో రాయాలి. భాండాగారంలో తూకం రాసే కుర్రవాడు ఒకడున్నాడు. ఆ పిల్లంటే వాడికి ఇష్టం. పద్దులో వాడు ఎవరి పేరు రాశాడు?

నీ కథ అక్కడుంది, సింహాసనం దగ్గర లేదు. రాసినవాడికీ రాయబడినదానికీ మధ్య ఒక బాకీ మిగిలింది. ఆరు వందల ఏళ్ల తర్వాత హైదరాబాదులో ఒకే ఆఫీసులో ఇద్దరూ ఎదురుపడితే, ఆ పిల్లకి కర్పూరం వాసన తగిలినప్పుడల్లా ఎందుకో గొంతు పట్టేస్తే, స్పృహ తప్పించక్కర్లేకుండానే నేను నమ్ముతాను.

*"మా నవల కాకతీయుల నాటిది. నాయిక వంటలో దిట్ట. వంటకాల విషయంలో జాగ్రత్తలు చెప్పండి."*
— పాఠకురాలు, నరసరావుపేట

ఒకటే జాగ్రత్త. మిరపకాయ ముట్టుకోకండి.

గుంటూరు జిల్లాలో పుట్టి ఈ మాట చెప్పడానికి నాకూ నోరు రాదు. కానీ మిరప అమెరికా ఖండం మొక్క. వాస్కోడగామా కోజికోడు రేవులో దిగింది 1498లో. ఆ తర్వాతే పోర్చుగీసు ఓడల మీద మిరప మన దేశం చేరింది. రుద్రమదేవి చనిపోయింది 1289లో. ఆవిడ జీవితంలో ఎర్ర కారం చూడలేదు. ఘాటంతా మిరియాలదే. మన 'మిరపకాయ' పేరులో కూడా ఆ మిరియమే దాక్కుని ఉంది.

నేనెందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఈ తప్పు నా చేతి మీదుగా అచ్చయింది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఒక నవలలో, ఓరుగల్లు కోటలో గూఢచారి పండుమిరపకాయ పచ్చడితో అన్నం తింటాడు. పచ్చడిలో 'చ్చ' వత్తు సరిచేశాను, మిరపకాయని వదిలేశాను! పుస్తకం వచ్చిన నెలకి గుంటూరు నుంచి మిర్చి కమిషన్ వ్యాపారి ఒకాయన కార్డు రాశారు. "మా సరుకు అప్పటికి ఇంకా రాలేదండీ" అని ఒకే వాక్యం. రచయిత గారు నన్ను చూశారు, నేను కిటికీ లోంచి బయటికి చూశాను.

టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, మొక్కజొన్న, జీడిపప్పు, జామ, బొప్పాయి కూడా ఆ దారినే వచ్చాయి. పొగాకు సరేసరి. మీ సేనాపతి గారి చుట్ట ఆర్పేయండి. నాయిక పెళ్లిపందిరికి బంతిపూల దండలు కట్టారు మీరు. బంతి కూడా మెక్సికో నుంచే. మల్లె, మొగలి, కనకాంబరం పెట్టుకోండి, ఎవరూ అడగరు.

పోయిన ఏడు దసరా సెలవుల్లో మనవరాలితో కొండవీడు వెళ్లాను. ఇప్పుడు కొండ మీదికి ఘాట్ రోడ్డు ఉంది, నా మోకాళ్లకి అదే దిక్కు. కింద ఒకామె సీతాఫలాలు గంపలో పోసి అమ్ముతోంది. కొండ మీద కాసినవేనట. కళ్లు విప్పిన కాయని రెండు చేతులతో విరిచి ఇచ్చింది. గింజ ఊస్తూ మా పిల్ల "అమ్మమ్మా, రెడ్డిరాజులు కూడా ఈ చెట్టు కింద కూర్చుని తినేవాళ్లా?" అంది. తినలేదమ్మా, సీతమ్మ పేరు పెట్టుకున్నా ఇది కూడా సముద్రం దాటి వచ్చినదే అన్నాను. "అయితే పాపం వాళ్లు" అంది. కోట గురించి ఆ రోజు విన్నవాటిల్లో నాకు బాగా నచ్చిన మాట అదే.

జొన్న, సజ్జ, వరి, పెసలు, మినుములు, నువ్వులు, ఆవాలు, అల్లం, ఇంగువ, నెయ్యి, బెల్లం. ఇన్ని ఉండగా వంటలో దిట్ట అయినామెకి లోటేమిటి?

*"పోయిన జన్మలో అందరూ రాకుమార్తెలూ యువరాజులే ఎందుకుంటారండీ? పల్లకీ మోసినవాళ్లు పునర్జన్మ ఎత్తరా?"*
— విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

మాస్టారూ, ఎత్తారు. కథలు రాయలేదంతే. వాళ్లే ఈ జన్మలో ప్రూఫులు దిద్దుతున్నారని నా అనుమానం.

*"కిందటి నెల మీరు 'కుమారగిరి రెడ్డి ఆస్థానంలో విద్యాధికారి శ్రీనాథుడు' అని రాశారు. ఇది తప్పు. శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నది పెదకోమటి వేమారెడ్డి దగ్గర. మీ వంటివారే ఇలా రాస్తే ఎలా?"*
— పాఠకుడు, బాపట్ల

తప్పు నాదే. పెదకోమటి వేముడు 1402లో గద్దెనెక్కి 1420 దాకా ఉన్నాడు. శ్రీనాథుడికి విద్యాధికారం ఆయన హయాంలోనే. తిప్పయసెట్టి కుమారగిరి కొలువువాడు, ఆయన పేరు తలచుకుంటూ రాసేసరికి శ్రీనాథుణ్ణి కూడా అదే కొలువులో కూర్చోబెట్టేశాను. 31 ఏళ్లు పరాయివాళ్ల తప్పులు దిద్దినదానికి తన తప్పు కనిపించదు. అందుకే ప్రెస్సులో ఎవరి రాత వాళ్ల చేత దిద్దించరు.

ఉత్తరం చివర "స్త్రీలకి చరిత్ర ఎందుకు" అని కూడా రాశారు. ఆ ముక్కకి ఎర్ర సిరా పెట్టి పక్కన పడేశాను.

*"గత జన్మ గుర్తుకు రావడానికి మంచి ఉపాయం చెప్పండి. సినిమాల్లోలా తలకి దెబ్బ తగలడం, మెరుపు మెరవడం పాతబడిపోయాయి. ఫాంటసీ కాబట్టి ఏదైనా పెట్టొచ్చు కదా?"*
— ఎం.ఏ. విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

ఏదైనా పెట్టొచ్చు కాబట్టే ఏది పెట్టినా నమ్మించడం కష్టం నాయనా. మనవాళ్లు ఈ పని ఎప్పుడో చేసి చూపించారు, ఒకసారి చూడు.

16వ శతాబ్దంలో పింగళి సూరన 'కళాపూర్ణోదయం' రాశాడు. అందులో ఒక మణిహారం ఉంది. రాజు దాన్ని ఒక పసిపాప మెడలో వేస్తాడు. మణి గుండెకి తగలగానే ఆ పాలు తాగే పిల్ల పోయిన జన్మ సంగతులు చెప్పడం మొదలుపెడుతుంది. ఉపాయం చిన్నదే. కానీ మణి గుండెకి తగలాలి, అదీ షరతు. పక్కకి జరిగితే పిల్ల మళ్లీ పిల్లే. మాయకి ఒక కొలత, ఒక హద్దు పెట్టాడు. నీ కథలో మాయకి హద్దేది? ఎప్పుడు పనిచేయదో ముందు తేల్చుకో.

ఏడో శతాబ్దంలో బాణుడి 'కాదంబరి' చూడు. అక్కడ రాజసభలో ఒక చిలక కథ చెబుతుంది. మూడు జన్మల ప్రేమ కథ. రాజు ఆసక్తిగా వింటూ ఉంటాడు. ఆ కథలో ఒక ప్రేమికుడు తానేనని వింటున్న రాజుకి తెలియదు. ఎక్కడా మెరుపు మెరవలేదు, ఎవరూ పడిపోలేదు. వినేవాడికి తన కథ పరాయివాడి కథలా వినిపించింది, అంతే. ప్రెస్సులో నా మొదటి రోజు గుర్తొస్తుంది. కంపోజిటర్ చేతిలో, సీసం అక్షరాలు పేర్చే స్టిక్ చూపించి చదవమన్నారు. అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగేసి ఉన్నాయి. తెలుగే, నాకు రాని తెలుగు. రెండో వరసలో మా ఊరి పేరు ఉంది. ఎంతసేపు చూసినా పోల్చుకోలేకపోయాను. కాగితం మీద అచ్చు పడ్డాక గానీ తెలియలేదు.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన ఉపాయం 'శాకుంతలం' అయిదో అంకంలోది. దుష్యంతుడు కొలువు ముగించి కూర్చున్నాడు. లోపల ఎక్కడో ఆయన రాణి హంసపదిక పాడుతోంది. ఆ పాట వింటుంటే ఆయనకి మనసు ఎలాగో అయిపోతుంది. ఎవరినీ ఎడబాసి లేను, మరి ఈ బెంగ ఏమిటి అనుకుంటాడు. అందమైనది చూసినా, తీయనిది విన్నా సుఖంగా ఉన్నవాడికి కూడా ఇలా అవుతోందంటే, వెనకటి జన్మల స్నేహాలు లోపల నిలిచిపోయి ఉంటాయి, అవే తెలియకుండా తలపుకొస్తాయి కాబోలు అని సమాధానం చెప్పుకుంటాడు.

ఎంత గొప్ప మాట! పునర్జన్మ కథలన్నిటికీ అదే విత్తనం. కానీ నాయనా, ఆ మాట అంటున్నది ఎవరు? శకుంతలని పెళ్లాడి, దుర్వాసుడి శాపం వల్ల మరిచిపోయి కూర్చున్న మనిషి. ఆమె కడుపుతో, ఆ వాకిట్లోకే వచ్చేస్తోంది. ఆయన గత జన్మ అనుకుంటున్నది గత జన్మ కానే కాదు, ఈ జన్మలో పడిన బాకీ. కాళిదాసు ఆ శ్లోకం సరిగ్గా అక్కడ పెట్టాడు, ఆ గుమ్మం ముందు.

ఇప్పుడు మన ఊరి సంగతి. కాటయవేముడు కాళిదాసు నాటకాలకి వ్యాఖ్యానం రాశాడన్నాను కదా. అంటే ఈ శ్లోకం మీద కూడా ఆయన ఘంటం నడిచింది. కొండవీటి కొలువులో ఒక మంత్రి, రాజ్యం లెక్కలు ముగించుకుని, దీపం దగ్గర తాటాకు పట్టుకుని, 'వెనకటి జన్మల స్నేహాలు' అన్న మాటకి అర్థం రాస్తున్నాడు. కింది వీధిలో ఎవరో పాడుతున్నారు. దీపమూ పాటా నేను కల్పించినవి, వ్యాఖ్యానం మాత్రం నిజం. నీకు ఫాంటసీ కావాలంటే ఇంతకన్నా మంచి గుమ్మం గుంటూరు చుట్టుపక్కల దొరకదు. మెరుపు ఖర్చు కూడా మిగులుతుంది.

*"1350 ప్రాంతంలో మోటుపల్లి రేవులో జరిగే కథ రాస్తున్నాను. సంభాషణలు గ్రాంథికంలో ఉండాలా, వాడుకలోనా?"*
— పాఠకురాలు, మంగళగిరి

వాడుకలోనే రాయి తల్లీ. సముద్రం ఒడ్డున మూటలు దించేవాడు గ్రాంథికంలో తిట్టుకోడు. కానీ వాడుకలో కూడా జల్లెడ పట్టాలి. నీ కథలో ఓడ సరంగు 'జేబు'లోంచి 'రుమాలు' తీసి, 'బజారు'కి వెళ్లి 'జవాబు' చెప్పాడు. నాలుగూ పారశీకం, అరబ్బీ దారిలో మనకి వచ్చిన మాటలు. బజారుకి 'అంగడి' ఉంది, జవాబుకి 'మారుమాట' ఉంది. రుమాలు మానేసి ఉత్తరీయంతో తుడుచుకోమను. జేబు లేదు కాబట్టి డబ్బు రొంటిన దోపుకోవాలి. చూశావా, మాట మారిస్తే మనిషి చెయ్యి కదిలే తీరే మారింది. 'బొత్తాం' పోర్చుగీసు మాట, విప్పేసెయ్.

'అయిదు నిమిషాల్లో వస్తా' అనిపించావు ఒకచోట. అప్పటి లెక్క గడియలది. గడియ అంటే మనకి 24 నిమిషాలు. అయిదు నిమిషాల తొందర ఆ రేవులో ఎవరికీ ఉండి ఉండదు. ఓడ గాలిని బట్టి వస్తుంది.

ఇంకో ఇబ్బంది ఉంది, అది నాది. ఈ శీర్షిక నిండా 'బాకీ, బాకీ' అని నేను మోగిస్తున్నానే, ఆ మాట కూడా అరబ్బీదే. నీ సరంగు 'అప్పు' అనాలి, పండితుడైతే 'ఋణం' అనాలి. నేను 2020ల్లో ఉన్నాను కాబట్టి బాకీ అంటాను.

మోటుపల్లి ఎంచుకున్నందుకు మాత్రం వంద మార్కులు. 1244 నాటి గణపతిదేవుడి అభయ శాసనం తప్పకుండా చదువు. అంతకుముందు గాలివానకి కొట్టుకొచ్చిన ఓడల సరుకు రాజులు లాగేసుకునేవాళ్లు. ఇకమీదట అలా చేయం, న్యాయమైన సుంకం ఒక్కటే తీసుకుంటాం అని వర్తకులకి మాట ఇచ్చాడు ఆయన. రెడ్డిరాజు అనవోతారెడ్డి కూడా 1358లో అక్కడే వర్తకులకి అభయమిస్తూ శాసనం వేయించాడు. రాజు సముద్రానికి మాటివ్వడం! ఆ రాయి పక్కన నిలబెట్టి నీ నాయకుడి చేత నాయికకి మాట ఇప్పించు. ఏ మాట నిలిచిందో మిగతా కథ చెబుతుంది.

*"ఉండవల్లి గుహలకి వెళ్లినప్పుడల్లా ఇక్కడికి నేను ముందే వచ్చాను అనిపిస్తుంది. పడుకున్న అనంతపద్మనాభస్వామి దగ్గర మరీనూ. ఇది పూర్వజన్మ స్మృతేనా?"*
— పేరు, ఊరు వద్దన్నారు

విజయవాడలో చదువుకున్నానని రాశారు. నాలుగో తరగతిలో స్కూలు వాళ్లు తీసుకెళ్లి ఉంటారు. పులిహోర పొట్లం వాసన కూడా గుర్తొస్తోందేమో చూసుకోండి.

*"కృష్ణ లంకల్లో కౌలుకి పసుపు, కంద వేస్తాను. రాత్రిళ్లు కథలు రాస్తాను. పూర్వజన్మ కథ రాయాలని ఉంది గానీ నాకు రాజుల సంగతులు తెలియవు. పొలం ఒక్కటే తెలుసు. రాయొచ్చా? ప్రేమికులు చివరికి కలవాల్సిందేనా?"*
— కౌలు రైతు, తాడేపల్లి దగ్గర

అయ్యా, ఈ నెల సంచిలో నేను దాచిపెట్టుకున్న ఉత్తరం మీది. నాలుగు మడతలు పెట్టిన కాగితం విప్పితే మడతల్లో పసుపు రాలింది. ఆ కాగితం పారేయలేదు.

రెండో ప్రశ్నకి ముందు చెబుతాను. కలవక్కర్లేదు. పెళ్లితో ముగిసే పునర్జన్మ కథలు నేను లెక్కలేనన్ని దిద్దాను, ఒక్కదాని ముగింపూ గుర్తులేదు. పోయిన జన్మలో ఎవరు ఎవరికి ఏం బాకీ పడ్డారో అది ఈ జన్మలో తీరాలి. తీరాక కలిసి ఉంటారా, ఎవరి దారిన వాళ్లు పోతారా అన్నది వాళ్ల ఇష్టం. 'ఋణానుబంధం' అన్నారు మన పెద్దలు. ఆ మాటలో ఋణం ముందుంది, అనుబంధం తర్వాత వచ్చింది.

మొదటి ప్రశ్న. రాజుల సంగతి తెలియకపోవడమే మీకు మేలు. మీకు తెలిసిన మనిషి ఒకడు ఆ కాలంలోనే ఉన్నాడు. శ్రీనాథుడు. ఆయన భోగాలు అందరూ చెబుతారు, కనకాభిషేకం అందరికీ తెలుసు. ముసలితనంలో ఆయన కౌలు రైతు. కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లె గుత్తకి తీసుకుని నష్టపోయాడని ఆయన పేర జనం నోట నిలిచిన పద్యం, చాటువు, చెబుతుంది. శాసనం కాదు, చాటువే. కానీ పొలం చేసినవాడు తప్ప ఇంకొకడు అలా చెప్పలేడు. పండిందంతా కృష్ణ పట్టుకుపోయింది. మిగిలిన నువ్వులు, పెసలు పిట్టలు తినేశాయి. కట్టాల్సింది ఏడు వందల టంకాలు. కట్టలేదని కాళ్లకి సంకెళ్లు వేసి, భుజం మీద నల్ల బండ ఎత్తి, ఎండలో నిలబెట్టారు. కావ్యాలు రాసిన మనిషిని.

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మీ కంద ఎంత పోయిందో మీరు ఉత్తరంలో రాయలేదు. "ఆ ఏడు సంగతి వద్దులెండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. నేను ఆ ముక్క దగ్గర చాలాసేపు కూర్చున్నాను. కౌలు డబ్బు పొలంగల ఆసామికి కట్టారా, ఆయన వదిలేశారా, అదీ రాయలేదు.

అది రాయండి. మీ లంకలో, మీ భాషలో. వరద తీసిన మర్నాడు ఒకామె గట్టు మీదికి వస్తుంది. ఆసామి కూతురో, బ్యాంకు నుంచి వచ్చిన ఉద్యోగో, మీ ఇష్టం. రైతుని ఎప్పుడూ చూడలేదు. అయినా అతని భుజం వంక చూసి, "బరువు ఇంకా దించలేదా మీరు?" అంటుంది. ఆ మాట ఎందుకందో ఆమెకే తెలియదు. అతని భుజం మీద ఏమీ లేదు, తడి తువ్వాలు తప్ప. అప్పుడు ఆ బండ ఎత్తించింది ఎవరో, ఎదురుగా నిలబడి చూసింది ఎవరో, ఆ ఏడు వందల టంకాలు ఎవరు ఎవరికి కట్టాలో మీరే తేల్చండి.

కాగితానికి ఒకవైపే రాసి పంపండి. ప్రూఫు నేనే దిద్దుతాను.